మా గంపల కంప్యూటర్

కంప్యూటర్ల మీద యూనివర్సిటీ పరీక్ష రాసేనాటికి నేను కంప్యూటర్ మొహం చూసి ఎరగను. నేనే కాదు, మాకు ఆ పాఠం చెప్పిన లెక్చరర్ గారూ చూడలేదు. మద్రాసులో చూసినవాళ్ళెవరితోనో మాట్లాడి వచ్చారు, అంతే. అరవైల చివర్లో మా ఎమ్మెస్సీ లెక్కల క్లాసులో ఆ సబ్జెక్టు బతుకు అట్లా ఉండేది. అయినా ఆ పేపరు కావాలని పట్టుబట్టి తీసుకున్నదాన్ని నేను. ఎందుకు పట్టుబట్టానంటే, వద్దన్నారు కాబట్టి.

ఆఖరి సంవత్సరంలో రెండు పేపర్లలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి ఎప్పటినుంచో ఉన్న ఖగోళశాస్త్రం. రెండోది కొత్తగా పెట్టిన కంప్యూటింగ్ మెషీన్స్. ఆడపిల్లలు మొదటిది, మగపిల్లలు రెండోది తీసుకోవాలని ఎక్కడా రాసి లేదు గానీ, మా హెడ్డు గారి మనసులో మాత్రం రాసి ఉంది. మా క్లాసులో ఆడపిల్లలం ముగ్గురం. మిగతా ఇద్దరూ ఆయన చెప్పినచోట సంతకం పెట్టి వచ్చేశారు. నేను గదిలోంచి కదల్లేదు.

"నీకెందుకమ్మా ఇది? హాయిగా నక్షత్రాలు చూసుకోక" అన్నారాయన. "ఆ మెషీన్లు ఉండేది బొంబాయిలో, కలకత్తాలో. అక్కడికి మీరు వెళ్తారా, మీవాళ్ళు పంపిస్తారా? ఊరికే ఒక సీటు దండగ."

"వెళ్తాను సార్" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కోప్పడే మనిషి కాదు. అదే నాకు ఇంకా మంట. "సరే, ఇస్తాను. కానీ ఒక మాట. ఇందులో నువ్వు తప్పావంటే, నేనున్నంతకాలం ఈ డిపార్టుమెంటులో ఇంకే ఆడపిల్లకీ ఈ పేపరు ఇవ్వను. వాళ్ళకి నువ్వే జవాబు చెప్పుకోవాలి. ఆలోచించుకో."

"ఆలోచించుకున్నాను సార్" అని సంతకం పెట్టేశాను. నిజానికి ఏమీ ఆలోచించలేదు. నాకు చిన్నప్పటినుంచీ ముక్కు మీదే కోపం. హాస్టలుకి వచ్చి మంచం మీద కూర్చున్నాక గానీ ఆ మాట బరువు తెలియలేదు. మగపిల్లాడు తప్పితే వాడొక్కడే తప్పినట్టు. నేను తప్పితే నా వెనక రాబోయేవాళ్ళందరూ తప్పినట్టు! ఇదెక్కడి న్యాయం? కింది క్లాసులో ఇద్దరు ముగ్గురు అప్పటికే ఆ పేపరు మీద కన్నేసి ఉన్నారు. భోజనాల దగ్గర కనిపిస్తే "అక్కా, బాగా చదువుతున్నావా?" అని అడిగేవాళ్ళు. పలకరింపు లాగా ఉండేది కాదది. అప్పులవాడి వాకబు లాగా ఉండేది.

సంక్రాంతి సెలవులయ్యాక లెక్చరర్ గారు ఇంకెక్కడో మంచి ఉద్యోగం వచ్చిందని వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో ఎవరూ రాలేదు. మాకు మిగిలింది సైక్లోస్టైల్ చేసిన నోట్సు, అదీ సగం. అందులో ఒక ఊహాయంత్రం గురించి ఉంది. దాని కడుపులో వరసగా అరలుంటాయట. ఒక్కో అరలో ఒక్కో అంకె ఉంటుందట. మనం వరసగా ఆర్డర్లు రాసిస్తే, ఫలానా అరలోది తీసి ఫలానా అరలో కలుపు, ఫలానా అర ఖాళీ అయితే ఆగు, కాకపోతే మళ్ళీ మొదటికి పో, అన్నట్టుగా అది పని చేసుకుపోతుందట. ఇంతవరకూ బాగానే ఉంది. చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేసే ప్రోగ్రాం ఎట్లా రాయాలి, రాసినదాంట్లో తప్పు దొర్లితే ఎట్లా పట్టుకోవాలి అన్న దగ్గర నోట్సు ఆగిపోయింది. అసలు పరీక్షంతా అక్కడే ఉంటుందని మగపిల్లలు చెప్పుకునేవాళ్ళు. వాళ్ళకీ తెలియదు. తెలియకపోయినా వాళ్ళు నిద్రపోగలరు.

ప్రిపరేషన్ సెలవులకి ఇంటికి బయల్దేరాను. గూడూరులో నిమ్మకాయల గంపల మధ్య బండి మారి, నెల్లూరులో దిగి, ఇందుకూరుపేట బస్సెక్కి, అక్కణ్ణుంచి మైపాడు వైపు ఇసకలో నడక. మాది సముద్రాన్ని ఆనుకుని ఉన్న చిన్న పాలెం. చేపలు పట్టి బతికే ఇళ్ళే అన్నీ. ఊళ్ళో నాలుగో తరగతి దాటిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. నెల్లూరు మిషన్ స్కూలు హాస్టల్లో నాకు చోటిప్పించిన ఒక టీచరమ్మ పుణ్యాన అక్కడినుంచి ఇంతదాకా వచ్చాను. యూనివర్సిటీ హాస్టల్లో మా ఊరెక్కడని అడిగితే "నెల్లూరు" అని చెప్పి ఊరుకునేదాన్ని. ట్రంకు పెట్టె మూత తీస్తే కరువాడు, అంటే ఎండుచేపల వాసన వస్తుందని ఒకమ్మాయి ముక్కు మూసుకున్నప్పటినుంచీ అట్లాగే చెప్పేదాన్ని.

మా ఇంట్లో చదువుకోవడమంటే సంతలో జపం చేయడమే. తాటాకుల ఇల్లు. ఒక గది, ఒక వసారా. నాన్నా అన్నా తెల్లవారకముందే తెప్ప వేసుకుని పోయేవాళ్ళు. అమ్మా, పెద్దమ్మా, వదినా పొద్దు పొడిచేసరికి గంపలు తీసుకుని ఒడ్డుకి చేరేవాళ్ళు. తెప్పలు తిరిగొచ్చేదాకా అక్కడ కూర్చుని ఎదురుచూడటమే పని. ఇంట్లో ఒంటరిగా ఉంటే పక్కింటివాళ్ళ పిల్లలు కిటికీలో వేలాడుతూ నన్ను వింతజంతువులాగా చూసేవాళ్ళు. అందుకని నేనూ నోట్సు పట్టుకుని ఆడవాళ్ళ వెంట ఒడ్డుకే పోయేదాన్ని. ఒడ్డుకి లాగి పడేసిన ఒక పాత తెప్ప ఉండేది. దాని మీద కూర్చుని చదివేదాన్ని.

చదివేదాన్ని అనడం గొప్పకి. చూస్తూ కూర్చునేదాన్ని. అరలు, ఆర్డర్లు, మళ్ళీ మొదటికి పో, ఆగు. బట్టీ పట్టాను. వెనకనుంచి ముందుకి కూడా చెప్పగలను. కానీ సొంతంగా ఒక ప్రోగ్రాం రాద్దామంటే కలం సాగదు. ఒకరోజు ఉండబట్టలేక నోట్సుని ఇసకలోకి విసిరికొట్టి గట్టిగా అరిచాను.

పెద్దమ్మ తిరిగి చూసింది. పెద్దమ్మంటే మా అమ్మకి అక్క. చిన్నతనంలోనే మొగుడు పోతే మా ఇంటికి వచ్చేసింది. పాలెం మొత్తానికీ ఆమె నోరంటే హడల్. నా కోపం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెని చూస్తే తెలుస్తుంది.

"ఏంది పాపా, ఆ కాయితం నిన్ను కరిచిందా?"

"అర్థం కాలా పెద్దమ్మా."

"అర్థం కాకపోతే అరవబాకు. మాకేమన్నా అర్థమవతుండాదా? మేం అరస్తుండామా?"

అమ్మా వదినా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "నవ్వండి. ఖాళీగా కూర్చోని నవ్వే బదులు మీరు గూడా చదవండి నాతో. రండి. మీరు ముగ్గురూ మిషను. ఇంక లెయ్యండి!" అన్నాను. ఉక్రోషానికి అన్న మాట అది. అన్న తర్వాత నేనే ఆగిపోయాను. ఎందుకు కాకూడదు? ఎదురుగా వరసగా గంపలున్నాయి. అరలంటే ఇంతకన్నా ఏముంటాయి? ఒడ్డంతా గవ్వలు. అంకెలకి కరువేముంది? చెప్పిన పని చేసే మనుషులు ముగ్గురున్నారు. చెప్పినట్టు చేస్తారా అన్నది వేరే సంగతి.

తేలిక లెక్కతో మొదలుపెట్టాను. అయిదూ, నాలుగూ, మూడూ, రెండూ, ఒకటీ కలిపితే పదిహేను రావాలి. రెండు గంపలు చాలు. ఒకటి లెక్క గంప. అది అమ్మ దగ్గర. అందులో మొదట అయిదు గవ్వలు. రెండోది మొత్తం గంప. అది పెద్దమ్మ దగ్గర. అందులో మొదట ఏమీ ఉండకూడదు. మధ్యలో తిరిగే పని వదినది. ఆర్డర్లు మూడే. ఒకటి, లెక్క గంపలో ఎన్ని గవ్వలున్నాయో చూసి, వాటిని ముట్టుకోకుండా, కుప్పలోంచి అన్ని గవ్వలు తెచ్చి మొత్తం గంపలో వెయ్యాలి. రెండు, లెక్క గంపలోంచి ఒక గవ్వ తీసెయ్యాలి. మూడు, లెక్క గంపలో ఇంకా గవ్వలుంటే మళ్ళీ మొదటి ఆర్డరు. లేకపోతే ఆగిపోవాలి.

"ఆగేదాకా మాట్లాడకూడదు, ఆలోచించకూడదు. చెప్పింది చెయ్యడమే" అన్నాను.

"ఇదేమన్నా కొత్తా? కాపరానికొచ్చినకాణ్ణుంచీ చేస్తుండేది అదేగా" అంది వదిన.

వాళ్ళు మొదలుపెట్టారు. నేను తెప్పెక్కి కూర్చుని, ఆ ప్రోగ్రాం కాగితం మీద ఎట్లా రాయాలా అని అందులో మునిగిపోయాను. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి తలెత్తేసరికి వదిన ఇంకా తిరుగుతూనే ఉంది. ఎండకి మొహం ఎర్రబడింది. కుప్ప దగ్గరికి పోవడం, ఒక గవ్వ తేవడం, పెద్దమ్మ గంపలో వెయ్యడం, మళ్ళీ పోవడం. పెద్దమ్మ గంపలో గవ్వలు గుట్టగా పోగుపడ్డాయి. పదిహేను ఎప్పుడో దాటిపోయింది.

"ఆపండి! ఎందుకు తిరగతుండావు వదినా ఇంకా?"

"నువ్వు ఆగమని చెప్పలా గదా పాపా! అత్త గంపలో గవ్వ ఉండాది. ఉంటే మళ్ళీ మొదటికి పొమ్మన్యావు. పోతుండా."

అమ్మ గంపలోకి తొంగి చూశాను. నిజమే, అడుగున ఒక గవ్వ. "ఆఖరిది తియ్యలేదేమ్మా?" అన్నాను. అమ్మ గంపని ఒళ్ళోకి లాక్కుంది. "తీసింది, మళ్ళీ ఏసింది. నేను చూశాలే" అంది వదిన. పెద్దమ్మ గంపలోవి లెక్కపెడితే, వదిన తెచ్చానని చెప్పిన లెక్కకంటే ఒకటి ఎక్కువ వచ్చింది. మొదలుపెట్టే ముందే పెద్దమ్మ తన గంపలో ఒక గవ్వ వేసి ఉంచుకుంది.

నాకు తిక్క రేగింది. "మీకు చెప్పడం గోడకి చెప్పడం ఒకటే! ఒకటే మాట చెప్పినా. ఒక గంప ఖాళీగా మొదలుపెట్టమన్యా, ఇంకోటి ఖాళీ అయ్యేదాకా తియ్యమన్యా. ఆ మాత్రం చేతగాదా?"

అమ్మ అప్పుడు నోరు తెరిచింది. అరవలేదు. "తెప్ప నీళ్ళ మీద ఉండాది పాపా. మీ నాయన రాలా, మీ అన్న రాలా. ఇప్పుడు నన్ను గంప వట్టిది చెయ్యమంటావా?"

మా పాలెంలో పుట్టిన పసిబిడ్డకి కూడా తెలిసిన సంగతి అది. తెప్ప సముద్రం మీద ఉన్నంతసేపూ ఒడ్డున దానికోసం ఎదురుచూసే గంప వట్టిగా ఉండకూడదు. వట్టి గంపకి వట్టి వల వస్తుందంటారు. అంతకంటే చెడ్డది కూడా రావచ్చు, దాన్ని పైకి అనరు. అందుకే అడుగున ఒక గవ్వో, చేపపొలుసో, ఏదో ఒకటి ఉంచుతారు. చిన్నప్పుడు నేనే ఆ గవ్వలు ఏరి అమ్మ గంపలో వేసేదాన్ని. నాలుగు పుస్తకాలు చదివేసరికి పూర్తిగా మరిచిపోయాను.

వాళ్ళని గంపలు ఖాళీ చేయమని అడిగే ధైర్యం నాకు లేదు. అడిగినా చెయ్యరు. నేనైనా వాళ్ళ స్థానంలో ఉంటే చెయ్యను. మళ్ళీ తెప్ప మీదికెక్కి కూర్చున్నాను. కోపం దిగేకొద్దీ బుర్ర పనిచేయడం మొదలైంది. వాళ్ళు తప్పు చేయలేదు. తప్పు నా ప్రోగ్రాంలో ఉంది. పెద్దమ్మ గంప ఖాళీగా ఉంటుందని నేను అనుకున్నానే గానీ చూశానా? మిషను అర కూడా అంతే. పాత లెక్కది అడుగున ఏదో మిగిలే ఉంటుంది. దాన్ని ఊడ్చే ఆర్డరు మనం ఇస్తేనే పోతుంది, లేకపోతే అది కొత్త లెక్కలో కలుస్తుంది. ఇక ఆగడం సంగతి. మిషను అలిసిపోయి ఆగదు, సిగ్గుపడి ఆగదు. ఆగమని మనం చెప్పిన గుర్తు కనిపిస్తేనే ఆగుతుంది. ఆ గుర్తు ఎప్పటికీ రాకపోతే మా వదినలాగా ఎండలో తిరుగుతూనే ఉంటుంది. నెలల తరబడి బట్టీ పట్టినా అందని సంగతి ఒక్క పొద్దులో నా చేతికి చిక్కింది.

గంపలు మారవు కాబట్టి ప్రోగ్రామే మార్చాను. ప్రతి గంపలో అడుగు గవ్వ ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోకూడదు. లెక్క గంపలో అయిదుకి ఆరు గవ్వలు వెయ్యాలి. వదిన చూసేటప్పుడు అడుగుది వదిలి మిగతావి లెక్కపెట్టాలి. ఒక్కటే మిగిలిందా అని చూడాలి, మిగిలితే ఆగాలి. ఆఖర్న మొత్తం గంపలో ఉన్నవాటిలోంచి ఒకటి తగ్గించి చెప్పాలి.

"ఇట్టా అయితే సరేనా?" అని అడిగాను.

"ఇట్టా ముందే చెప్పి ఉంటే ఎవురు వద్దన్యారు?" అంది పెద్దమ్మ.

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి నేను కాగితం వైపు చూడలేదు. వదిన తిరిగింది, తిరిగింది, ఠక్కున ఆగింది. పెద్దమ్మ గంపలో అడుగుది అట్లాగే ఉంచి, మిగతావి బయటికి తీసి లెక్కపెట్టాను. పదిహేను! నేను వేసిన కేకకి అవతల గుంపులోని ఆడవాళ్ళు తెప్ప కనిపించిందేమో అనుకుని లేచి నిలబడ్డారు. పెద్దమ్మని పట్టుకుని గిర్రున తిప్పాను. "వదలవే, నడుం విరగతుండాది" అని తిడుతూనే ఉంది, నవ్వుతూనే ఉంది.

ఆ రోజునుంచీ రోజూ పొద్దున మా మిషను నడిచేది. గుణకారం చేశాం, భాగహారం చేశాం. వరసగా గంపలు పెట్టి అన్నిటిలోకీ పెద్ద అంకె ఏదో వెతికించాం. చాలనప్పుడు పక్కవాళ్ళ గంపలు కూడా అడిగి తెచ్చేవాళ్ళం. ఏమిటిదని ఎవరైనా ఆగి అడిగితే పెద్దమ్మ తల తిప్పకుండా "మాట్లాడబాకండి, మేం మిషను" అనేది. తెప్ప కనిపించగానే మిషను మొత్తం లేచి నీళ్ళలోకి పరిగెత్తేది. నేను ఇసకలో పడి ఉన్న గవ్వలు ఏరుకుని, మిగతా లెక్క కాగితం మీద పూర్తి చేసుకునేదాన్ని.

పరీక్ష రోజు కూడా వచ్చింది. హాల్లో ఆ పేపరు రాసేవాళ్ళలో ఆడపిల్లని నేనొక్కదాన్నే. ప్రశ్నపత్రం చేతికొచ్చాక మొదటి పేజీ తిప్పాను. అన్నిటికంటే పెద్ద ప్రశ్న, అందరూ భయపడిన ప్రశ్నే. ఒక ప్రోగ్రాం ఇచ్చారు. దీన్ని మొదటిసారి నడిపితే సరైన జవాబు వస్తుంది. వెంటనే రెండోసారి నడిపితే తప్పు వస్తుంది. కొన్ని అంకెలకైతే అసలు ఆగనే ఆగదు. కారణాలు రాసి, ప్రోగ్రాం సరిచేయుము. అది చదవగానే నాకు పెద్దమ్మ గంపా, అమ్మ గంపా కళ్ళ ముందు నిలిచాయి. ఎండలో తిరుగుతున్న వదిన కూడా కనిపించింది. నవ్వు ఆగలేదు. పర్యవేక్షకుడు వచ్చి నా బల్ల పక్కన నిలబడి గుర్రుగా చూశాడు. తల వంచుకుని, పెదవి కొరుక్కుంటూ రాశాను. రాస్తుంటే కలం నాకంటే ముందు పరిగెత్తింది.

బయటికొచ్చాక మగపిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. ఒకాయన మిషను వేడెక్కడం వల్ల రెండోసారి జవాబు తప్పొస్తుందని రాశాడట. ఇంకొకాయన కరెంటు హెచ్చుతగ్గుల మీద ఒకటిన్నర పేజీ రాశాడట. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వాళ్ళ సంగతి. నన్నడిగితే "ఏదో రాశాను" అని చెప్పి వచ్చేశాను. మనసులో మాత్రం విందు జరుగుతోంది.

ఆ విందు వైవా రోజు వరకే. వైవా అంటే ఎదురుగా కూర్చోబెట్టి నోటితో అడిగే పరీక్ష. గదిలో హెడ్డు గారు, బయటి ఊరినుంచి వచ్చిన ఇంకో ప్రొఫెసరు గారు ఉన్నారు. బల్ల మీద నా జవాబుపత్రం విప్పి ఉంది. హెడ్డు గారి మొహంలో నేను అనుకున్న మెచ్చుకోలు లేదు.

"ఈ ప్రశ్నలో రెండు తప్పులూ పట్టుకున్నది నువ్వొక్కదానివే" అన్నారు. "మీ నోట్సులో ఈ భాగం లేదు. క్లాసులో చెప్పనూ లేదు. మన లైబ్రరీలో పుస్తకమూ లేదు. ఎలా తెలిసింది నీకు? ఎవరు చెప్పారు?"

ప్రశ్నపత్రం ముందే చూశావా అని అడగలేదు. అడిగినట్టే ఉంది. ఒళ్ళంతా భగ్గుమంది. నిజం చెప్తే చాలు, బయటపడతాను. కానీ ఆ నిజం చెప్పాలంటే పాలెం చెప్పాలి, గంపలు చెప్పాలి, చేపలమ్మే మా పెద్దమ్మని ఆ గదిలోకి తీసుకురావాలి. అన్నేళ్ళూ "నెల్లూరు" అని చెప్పి దాటేసిన నాకు అది పరీక్షకంటే పెద్ద పరీక్ష అయింది. ఆ క్షణంలో నన్ను కాపాడింది నా తెలివి కాదు, కోపమే. దొంగనని అనిపించుకోవడం కంటే చేపలవాళ్ళ పిల్లనని చెప్పుకోవడం నయం కాదా! అసలు అందులో నయం ఏమిటి, తక్కువ ఏమిటి?

"మా అమ్మా, పెద్దమ్మా, వదినా చెప్పారు సార్" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక నేను ఆగలేదు. మాది చేపలు పట్టేవాళ్ళ ఇల్లని మొదలుపెట్టి, తెప్ప తిరిగొచ్చేదాకా గంప వట్టిగా ఎందుకు ఉంచరో, మా మిషను ఎందుకు ఆగలేదో, దాన్ని నేను ఎట్లా ఆపానో మొత్తం చెప్పాను. బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు గారు వదిన దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నారు. హెడ్డు గారు నవ్వలేదు. లేచి నిలబడ్డారు. సుద్దముక్క తీసి నా చేతికిచ్చారు.

"గంపలు గియ్యి" అన్నారు. "నేనొక లెక్క ఇస్తాను. నీ మిషను చేత చేయించు."

కొన్ని అంకెల్ని చిన్నదానినుంచి పెద్దదానికి వరసలో పెట్టమన్నారు. అది మేం ఒడ్డున చేయని లెక్క. బోర్డు మీద గంపలు గీశాను. పక్కపక్క గంపల్ని పోల్చి చూసి, పెద్దది ముందుంటే రెంటినీ మార్చుకోమని వదినకి చెప్పినట్టే ఆర్డర్లు రాశాను. ఒక చివరనుంచి ఇంకో చివరికి వెళ్ళేసరికి ఒక్క మార్పు కూడా జరగకపోతే ఆగమన్నాను. అందుకు పక్కన ఒక చిన్న గంప పెట్టి, మార్పు జరిగితే అందులో ఒక గవ్వ వెయ్యమని, కొత్త చుట్టు మొదలుపెట్టిన ప్రతిసారీ ముందు అడుగు గవ్వ తప్ప మిగతావి తీసెయ్యమని రాశాను. హెడ్డు గారు ఒక్కో గంప దగ్గరా వేలు పెట్టి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ చివరిదాకా వెళ్ళారు. మళ్ళీ మొదటికి వచ్చి ఇంకోసారి వెళ్ళారు.

"ఆగింది" అన్నారు మెల్లగా.

"ఇక నేనేమీ అడగను" అన్నారు రెండో ఆయన.

పాసైనవాళ్ళ నంబర్లు పేపర్లో పడ్డ రోజు నేను పాలెంలోనే ఉన్నాను. ఇందుకూరుపేట నుంచి పేపరు తెచ్చిన మా అన్న దాన్ని తలకిందులుగా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఫస్టు క్లాసులో నా నంబరు ఉంది. నాన్న ఆ నంబరు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. పెద్దమ్మ మాత్రం ఊరంతా తిరిగి "మేం పాసైనాం" అని చెప్పుకొచ్చింది. నేను కాదనలేదు.

యూనివర్సిటీ మళ్ళీ తెరిచాక మార్కుల కాగితం తెచ్చుకోవడానికి వెళ్ళాను. కంప్యూటింగ్ పేపరులో అందరికంటే పైన ఉన్నాను. హెడ్డు గారు కూర్చోమన్నారు. అంతకుముందు ఆ గదిలో నన్నెప్పుడూ కూర్చోమనలేదు.

"నన్ను ఇరుకున పెట్టావమ్మా" అన్నారు. "ఈ ఏడు ఆఖరి సంవత్సరానికి వచ్చిన ఆడపిల్లల్లో ఒక్కరు కూడా నక్షత్రాలు కావాలనడం లేదు."

"ఇస్తారా సార్ ఆ పేపరు?"

"ఇవ్వక ఏం చేస్తాను? తప్పితే ఇవ్వనన్నాను. నువ్వు తప్పలేదుగా." ఈసారి కళ్ళద్దాలు తుడుచుకోకుండానే అన్నారు, "ఆ షరతు పెట్టి ఉండాల్సింది కాదు."

నమస్కారం పెట్టి బయటికొచ్చాను. తల ఎత్తుకుని నడిచాను. వరండాలో అమ్మాయిలు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరుగా లోపలికి వెళ్ళి సంతకం పెట్టాలి. కొత్త లంగాఓణీలో ఉన్న, హాస్టల్లో నేనెప్పుడూ చూడని సన్నటి పిల్ల ఒకతి ధైర్యం చేసి నా దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, మీరు ఆ పేపరే రాశారంట గదా. కష్టమా అక్కా?"

తేలికని చెప్పి పంపించవచ్చు. అట్లా చెప్పడం ఆ పిల్లని తక్కువ చేయడమే.

"కష్టమే" అన్నాను. "పో, సంతకం పెట్టు."

ఆ పిల్ల లోపలికి వెళ్ళింది.